ఎడమవైపు అద్దం

సూరత్‌లో కారు పక్క అద్దాలు ముడిచిపెట్టి నడిపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉధనా రోడ్డు మీద సగం కార్లు అలాగే పోతాయి. అదేమిటయ్యా అంటే, ఇరుకు సందుల్లో గీసుకుపోతాయి, అయినా హారన్ ఉంది కదా, వెనకవాడే కొడతాడు అంటారు. వినబడేవాళ్ల ధీమా అది. వినబడనివాడికి ఆ అద్దాలు ఏమిటో మా ఇంట్లో చూశాను. అందుకే ఈ గోలంతా రాస్తున్నాను, లేకపోతే ఎవడి అద్దాలు ఎలా పోతే నాకేం.

మా అన్న ఇరవై ఎనిమిదేళ్లు సాంచాల మీద పనిచేశాడు. సాంచా అంటే మరమగ్గమే. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మాలో ఎవరూ మరమగ్గం అనరు. రేకుల షెడ్డు కింద వరసలు వరసలుగా అవి పన్నెండు గంటలు కొట్టుకుంటూనే ఉంటాయి. అక్కడ ఎవరూ గొంతు వాడరు. పెదాలు చూసి మాట తెలుసుకుంటారు. పిలవాలంటే భుజం తడతారు. చాయ్ అంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపిస్తారు. కొత్తగా చేరినవాడు మొదటి వారం చెవుల్లో వేస్టు నూలు కుక్కుకుంటాడు, తర్వాత అదీ మానేస్తాడు. అన్నకు చెవులు ఫలానా రోజున పోయాయని చెప్పలేం. వదిన పిలిస్తే పలకడం తగ్గింది. మొదట అలిగాడేమో అనుకుంది, తర్వాత ఆమె కూడా భుజం తట్టి పిలవడం మొదలుపెట్టింది. మా ఇళ్లలో ఇది వింతేమీ కాదు. జుట్టు నెరుస్తుంది, చెవులు పోతాయి. దాన్ని ఎవరూ జబ్బు అనుకోరు, డాక్టరు దగ్గరికి పోరు.

మొదటి లాక్‌డౌన్‌లో కార్ఖానాలన్నీ మూతపడ్డాయి. భేస్తాన్‌లో మా గల్లీలో సగం మంది మూటలు సర్దుకుని ఊళ్లకు పోయారు. మేం పోలేదు, అక్కడ మాకు పనీ లేదు, పాకా లేదు. మళ్లీ తెరిచినప్పుడు యజమానులు సగం సాంచాలే నడిపారు, వాటికి వయసు పిల్లలనే తీసుకున్నారు. నన్ను తీసుకున్నారు కానీ అన్నను వద్దన్నారు. అన్నకు డ్రైవింగ్ వచ్చు. కార్ఖానాలో డ్రైవరు రాని రోజు గుడ్డ తాన్లు టెంపోలో వేసుకుని సలాబత్‌పురా దాకా ఆయనే పోయేవాడు. అక్కడి గుడ్డల వ్యాపారి ఒకాయన డ్రైవరు ఊరికి పోయి తిరిగి రాలేదు. అలా అన్న ఆ సేటు దగ్గర కుదిరాడు.

చెవులు లేనివాడు కారెట్లా నడిపాడు, ఆ సేటుకు ఎలా తెలియలేదు అని మీరు అడగాలి. కరోనా వల్లే తెలియలేదు. కారులో ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య మందపాటి ప్లాస్టిక్ కాగితం కట్టించాడు సేటు. మూతికి రెండు మాస్కులు. మాట్లాడితే రోగం వస్తుందని ఆయనకు భయం, ఎక్కడికి పోవాలో ఫోన్లో మెసేజ్ పెట్టేవాడు. ఎప్పుడైనా ఏదైనా అంటే, మాస్కు కదలడం లోపలి అద్దంలో చూసి అన్న ప్లాస్టిక్ కాగితం వైపు వేలు చూపించి "వినబడలేదు సేట్" అనేవాడు. సేటు కూడా ఒప్పుకునేవాడు, ఆయనకూ అన్న మాట సరిగా వినబడేది కాదు. ఊళ్లో ఎవరి మాటా ఎవరికీ వినబడని ఆ రోజుల్లోనే మా అన్న అందరిలాంటి మనిషిగా బతికాడు. జనం చచ్చిపోతున్న రోజులకు మనసులో దండం పెట్టుకున్నాం మేము. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత.

ఇక నడపడం సంగతి. అన్నకు అద్దాలే చెవులు. ఎనిమిది సాంచాల మధ్య నిలబడి ఎక్కడ పోగు తెగినా కంటితోనే పట్టినవాడికి మూడు అద్దాలు చూడటం ఓ లెక్క కాదు. కుడి అద్దం, లోపలి అద్దం, ఎడమ అద్దం, ఎదురుగా రోడ్డు, మళ్లీ కుడి అద్దం. ఆ చూపు ఒక్క క్షణం ఎక్కడా ఆగేది కాదు. హారన్ మాత్రం కొట్టేవాడు కాదు, హారన్ అనేదొకటి ఉందనే ఆయన మరిచిపోయాడు. సూరత్‌లో హారన్ కొట్టని డ్రైవరు తన దగ్గరే ఉన్నాడని సేటు పదిమందికి చెప్పుకునేవాడట. ఆ ముచ్చట చెప్పేటప్పుడు అన్న మొహం చూడాలి. ఇరవై ఎనిమిదేళ్ల సాంచా పనిలో ఆయన్ను ఎవడూ మెచ్చుకోలేదు.

రెండో ఏడు, కరోనా రెండో దెబ్బ. సేటు ఉండే అపార్ట్‌మెంట్‌లో కేసులు వచ్చి గేటుకు కర్రలు కట్టేశారు. అప్పటికి కారు అన్న దగ్గరే, బయటే ఉంది. గేటు తెరిచేదాకా నీ ఇంటి దగ్గరే పెట్టుకో అని సేటు మెసేజ్ పెట్టాడు. నేను ఆ రోజు పాండేసరలో ఉన్నాను. మా కార్ఖానా మళ్లీ మూతపడింది, అక్కడి అద్దకం మిల్లుల్లో ఏదైనా పని దొరుకుతుందేమోనని తిరుగుతున్నాను. అన్న వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. షిఫ్టు వదిలిన వేళ, రోడ్డు నిండా సైకిళ్లు. ఎడమవైపు నుంచి ఒక సైకిలు దూరింది, దాని హ్యాండిల్ మా అద్దానికి తగిలి, మనిషి పడ్డాడు.

దిగి లేపాను. మోకాలు గీరుకుంది, అంతకు మించి ఏమీ కాలేదు. మాస్కు కిందికి లాగి హిందీలో నా మీద అరిచాడు. "ఎన్నిసార్లు బెల్లు కొట్టాలి, మీ ఇద్దరికీ చెవులు లేవా" అన్నాడు. నాకు కోపం ముందు పుట్టి నేను తర్వాత పుట్టాను. "ఎక్కడ కొట్టావురా బెల్లు, నాకు వినబడలేదే" అని తిరిగి అరిచాను. అది అబద్ధం కాదు, నాకు నిజంగానే వినబడలేదు. కారు కిటికీలు మూసి ఉన్నాయి, అందుకే వినబడలేదనుకున్నాను. అన్న దిగి అతనికి రెండు చేతులూ జోడించాడు. అతను మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, సైకిలు తోసుకుంటూ పోయాడు.

పక్క అద్దం పగల్లేదు, కానీ డిప్పలోంచి గాజు కిందికి వాలిపోయింది. అందులో వెనక వచ్చే బండ్లు కనబడవు, మన టైరూ తారు రోడ్డూ కనబడతాయి. చేత్తో పైకి తోస్తే నిలబడుతుంది, ఒక గుంత రాగానే మళ్లీ వాలుతుంది. నాలుగడుగులు పోయి అన్న బండి పక్కకు ఆపేశాడు.

"ఏందన్నా, పక్క అద్దమే గదా. పోనియ్" అన్నాను.

"నీకు పక్క అద్దం తమ్మీ. నాకు చెవి" అన్నాడు. "గీ దిక్కు గోడ కట్టినట్టున్నది."

నేను ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూస్తూ కూర్చున్నాను. బండి వస్తే చేత్తో చూపించాలి. అలా నడిచే మనిషి వేగంతో భేస్తాన్ చేరాం.

సేటుకు చెప్పేస్తే పోతుంది కదా అన్నాను. ఏమని చెప్పాలి అన్నాడు అన్న. సైకిలువాడు బెల్లు కొట్టాడని చెప్పాలి, మరి నీకెందుకు వినబడలేదని సేటు అడుగుతాడు. సోమవారం గేటు తెరుస్తున్నారని, ముసలి తల్లిని టీకాకు తీసుకుపోవాలని అప్పటికే మెసేజ్ వచ్చింది. అంటే మూడు రోజులు. ఈలోపు అద్దం బాగుపడితే అన్న డ్రైవరుగా ఉంటాడు, లేకపోతే ఉండడు. విషయం అంతే. అంగళ్లన్నీ మూసి ఉన్నాయి, మెకానిక్కులు ఇళ్లలో ఉన్నారు. నేనున్నాను కదా అన్నాను. సాంచా విప్పి బిగించిన చేతులు, జానెడు అద్దానికి జంకుతాయా అని నా పొగరు.

శుక్రవారం పొద్దున, మా గల్లీలో మూతపడ్డ కార్ఖానా షట్టరు ముందు కారు పెట్టుకుని కూర్చున్నాం. డ్రైవరు తలుపు దగ్గర ఒక గుండ్రటి మీట ఉంటుంది. దాన్ని ఎడమకు తిప్పి నొక్కితే ఎడమ అద్దం కదలాలి, కుడికి తిప్పి నొక్కితే కుడి అద్దం కదలాలి. కుడిది చక్కగా కదులుతోంది. ఎడమది ఉలకదు, పలకదు.

"అన్నా, నువ్వు లోపట కూసోని ఒత్తు. నేను బయట నిలవడి ఇంట" అన్నాను. "మోటర్ సప్పుడొస్తే మోటర్ బతికున్నట్టు, రాకపోతే కరెంటే వస్తలేనట్టు. గంతే ముచ్చట."

ఈ మాటలో తప్పు లేదు. ఏ మెకానిక్కును అడిగినా ఇదే చెబుతాడు, అద్దం కదలకపోతే మొదట చెవి పెట్టి వినాలి. నేను అద్దం డిప్పకు చెవి ఆనించాను. ఇంజన్ నడుస్తూనే ఉంది. సాంచా మనుషులం, కాళ్ల కింద అదురు లేకపోతే మిషన్ బతికి ఉందని నమ్మం. తాళం సగం తిప్పితే ఇంజన్ లేకుండానే మీటకు కరెంట్ వస్తుందని మా ఇద్దరికీ తోచలేదు. అన్న మీట నొక్కి, కనుబొమలెత్తి నా వైపు చూశాడు. నేను లేదన్నట్టు చెయ్యి ఊపాను. మళ్లీ నొక్కాడు, మళ్లీ ఊపాను. నన్ను పదిహేనేళ్లప్పుడు వెంటబెట్టుకుని వచ్చి సాంచా ముందు నిలబెట్టి పని నేర్పినవాడు, ఆ రోజు నా చెవిని నమ్మాడు.

సప్పుడు లేదు కాబట్టి కరెంట్ లేదు. ఫ్యూజుల పెట్టె తెరిచి, అదే రంగు ఫ్యూజు ఇంకోచోటి నుంచి తీసి మార్చాం. కుడి అద్దం నడుస్తోందంటే ఫ్యూజు బాగున్నట్టేనని బుర్ర ఉన్నవాడికి తెలియాలి. మాకు మధ్యాహ్నం దాకా తెలియలేదు. మీట విప్పి, తుడిచి, మళ్లీ పెట్టాం. మళ్లీ చెవి పెట్టాను. ఏమీ లేదు.

శనివారం ఎడమ తలుపు లోపలి అట్ట ఊడదీశాం. రెండు ప్లాస్టిక్ పిన్నులు విరిగాయి. తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచి తీగలు పోతాయి. తలుపు తెరిచి మూసినప్పుడల్లా అక్కడ నలుగుతాయి కాబట్టి తెగితే అక్కడే తెగాలని నేను తేల్చాను. ఒక తీగ కొంచెం నలిగినట్టు కనబడింది. దాన్ని కోశాను. లోపల రాగి బాగానే ఉంది. అనుమానం తీరక పక్కదాన్ని కోశాను, దాని పక్కదాన్నీ కోశాను. మళ్లీ ఒక్కొక్కటీ కలిపి మెలేసి, టేపు చుట్టాం. తెగిన పోగును ముడివేసే చేతులు కదా, ముడులు మాత్రం అందంగా పడ్డాయి. అంతా అయ్యాక అన్న మీట నొక్కాడు, నేను చెవి పెట్టాను. ఏమీ లేదు. దానికి తోడు ఎడమ కిటికీ గాజు సగంలో ఇరుక్కుపోయి పైకీ రాదు, కిందికీ పోదు.

"నీ యవ్వ, గిదేం బండి" అని టైరును తన్నాను.

వదిన అప్పుడు గడపలో కూర్చుని చీరకు రాళ్లు అంటిస్తోంది, ఇంటి దగ్గర ఆమె చేసే పని అదే. చాయ్ పట్టుకొచ్చి, కాసేపు నిలబడి మమ్మల్ని చూసింది. అన్న మళ్లీ ఒకసారి మీట నొక్కాడు.

"గా అద్దంల నుంచి ఏందో గుర్రుగుర్రుమంటుంది గదా" అంది నాతో.

"అది ఇంజన్ సప్పుడు వదినా. నీకేం ఎరుక, చాయ్ ఆడ పెట్టి పో" అన్నాను.

గ్లాసులు బానెట్ మీద పెట్టి పోయింది. నేను ఆమెతో అలా మాట్లాడటం అదే మొదటిసారి కాదు, అదీ చెప్పాలి కదా.

ఆదివారం మళ్లీ చెవి పెట్టి వినడం తప్ప చేయడానికి ఏమీ మిగల్లేదు. అన్న అన్నం ముట్టలేదు. పొద్దంతా కారులో స్టీరింగ్ ముందు ఊరికే కూర్చున్నాడు. అప్పుడప్పుడూ ఎడమవైపు చూసేవాడు, అక్కడ టైరు కనబడేది, చూపు తిప్పుకునేవాడు. మా గల్లీలో ఆ వారంలో ఇద్దరు పోయారు, ఎదురింట్లో ఒకామె ఆసుపత్రిలో ఉంది. ఇంతమంది పోతుంటే ఒక అద్దం గురించి ఏడుస్తున్నామని నాకు సిగ్గేసింది. సిగ్గేసినా ఏడుపు ఆ అద్దం గురించే.

"రేపు నేను సుత వస్త" అన్నాను అన్నకు ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేట్టు. "మోటర్ కాలిపోయింది, మా తమ్ముడు మిస్త్రీ, వాడే చూసిండు అని చెప్పు. మిగిలింది నేను మాట్లాడుత. నువ్వు ఊకె నిలవడు."

అన్న తలూపాడు. నన్ను వెంట తీసుకుపోకపోతే ఏమయ్యేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

సోమవారం పొద్దున మళ్లీ నేను ఆ సగం కిటికీ మీంచి తల బయటపెట్టి, అన్న మెల్లగా నడిపి, సేటు గేటు లోపలికి చేరాం. సేటు కిందే ఉన్నాడు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆయన తల్లి తెల్లచీర కట్టుకుని కూర్చుని ఉంది. ఊడిన తలుపు అట్ట, ఇరుక్కున్న గాజు, వాలిన అద్దం సేటు ఒక్కొక్కటీ చూశాడు. కోప్పడలేదు. "అద్దానికి ఏమైతే ఏం, ముడిచేసి నడపొచ్చు కదా, ఎవడు చూస్తాడు అద్దంలో" అన్నాడు హిందీలో. కానీ తల్లి గాలికి కూర్చోలేదు, కిటికీ మూయాలి. దగ్గర్లో ఉండే ఒక కారు ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాడు. నడివయసు మనిషి, స్కూటర్ మీద పది నిమిషాల్లో వచ్చాడు.

ఏం చేశారని అతను నన్ను అడిగాడు. నేను ఒకటీ వదలకుండా చెప్పాను, ఫ్యూజు, మీట, తీగలు. చెబుతుంటే కొంచెం గర్వంగా కూడా ఉంది.

"తీగలు ఎందుకు కోశారు?" అన్నాడు.

"మోటర్‌లోంచి చప్పుడే రావడం లేదు. మూడు రోజులు చెవి పెట్టి విన్నాను. కరెంట్ అందడం లేదు" అన్నాను.

అతను కారులో కూర్చుని ఇంజన్ ఆపాడు. తాళం సగం తిప్పాడు. మీట ఎడమకు తిప్పి నొక్కాడు.

నేను అద్దం దగ్గరే, మూరెడు దూరంలో నిలబడ్డాను. గేటు దగ్గర వాచ్‌మన్ తల ఇటు తిరిగింది. కుర్చీలో ముసలమ్మ తల ఇటు తిరిగింది. సేటు అద్దం వైపు చూశాడు. నేను వాళ్ల మొహాలు చూస్తూ, వీళ్లంతా దేనికి ఇటు తిరిగారని అనుకుంటున్నాను.

"ఆవాజ్ తో ఆ రహీ హై" అన్నాడు ఎలక్ట్రీషియన్, చప్పుడు వస్తూనే ఉంది కదా అని. మళ్లీ నొక్కాడు. ముసలమ్మ పళ్లు జివ్వుమన్నట్టు మొహం పెట్టింది. నాకు ఏమీ లేదు. దూదిలో తల పెట్టినట్టు ఏమీ లేదు.

అతను దిగి వచ్చి అద్దం గాజును వేళ్లతో పట్టి లాగితే ఊడి వచ్చింది. దాని వెనక నుంచి చిన్న పళ్ల చక్రం తీసి అరచేతిలో చూపించాడు. ప్లాస్టిక్‌ది, నాలుగు పళ్లు విరిగి ఉన్నాయి. మోటర్ తిరుగుతోంది, చక్రం జారిపోతోంది, అందుకే గాజు లేవడం లేదు. కరెంట్ మొదటి నుంచీ వస్తూనే ఉంది. మేం కోసిన తీగల్ని కూడా చూసి, ముడులు మాత్రం గట్టిగా వేశారన్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మేం అదీ చేయలేదు. ఎలుక మూడు రోజులూ నా చెవి పక్కనే కూర్చుని అరుస్తుంటే, దాని కోసం కొండంతా తవ్విపోశాను.

"నీకు వినబడలేదా?" అని సేటు నన్ను అడిగాడు.

"ఇప్పుడు వినబడింది సేట్" అని అబద్ధమాడాను.

ఆయన కాసేపు నన్ను చూసి, తర్వాత అన్నను చూశాడు. అన్న తలూపుతూ నిలబడ్డాడు. ఎవరు ఏమన్నా, మొహాన మాస్కులుంటే, ఆయన చేసేది అదే. కళ్లతో నవ్వుతూ తలూపుతాడు. ఎలక్ట్రీషియన్ ఏదో జిగురు టేపు పెట్టి గాజును సరిగ్గా నిలబెడుతున్నాడు, అన్న దాన్నే ఆశగా చూస్తున్నాడు. సేటు నడుచుకుంటూ మా వెనక్కి పోయాడు.

"డ్రైవర్" అని పిలిచాడు.

మనిషి గొంతు, అది నాకు వినబడింది. తల సగం తిప్పి చూశాను. సేటు నన్నే సూటిగా చూస్తున్నాడు. అన్న పక్కటెముకకు నా మోచేయి జానెడు దూరంలో ఉంది. సాంచాల మధ్య మేం రోజుకు వందసార్లు చేసే పని అది, పక్కవాడిని తట్టడం. ఒక్కసారి తడితే చాలు, అన్న వెనక్కి తిరిగేవాడు. సేటు కళ్లు నా మీద ఉన్నాయని నా చెయ్యి లేవలేదు.

రెండోసారి పిలిచాడు. మూడోసారి గట్టిగా అరిచాడు, వాచ్‌మన్ పరిగెత్తుకుని వచ్చాడు. అన్న అద్దాన్నే చూస్తున్నాడు. గాజు సరిగ్గా కుదిరింది, అందులో వెనక గోడా గేటూ కనబడుతున్నాయి. నాకు చూపిద్దామని సంతోషంగా నా వైపు తిరిగాడు.

"బిచారో" అంది ముసలమ్మ, పాపం అని.

సేటు అన్న ముందుకు వచ్చి, దూరంగా నిలబడి, మాస్కులు రెండూ తీశాడు. ఇన్ని నెలల్లో ఆయన పూర్తి మొహం చూడటం అన్నకు అదే మొదటిసారి. చెవులు వినబడవా అని హిందీలో నెమ్మదిగా అడిగాడు. అన్న ఆ పెదాలు చదివాడు. చదివి, నా వైపు చూశాడు.

"ఇన్నాళ్లూ మా అమ్మను ఇతని వెనక కూర్చోబెట్టాను" అన్నాడు సేటు, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. తిట్టలేదు, కొట్టలేదు. ఆ మాటలో తప్పు ఎక్కడుందా అని ఈనాటికీ వెతుకుతున్నాను, దొరకదు. తిట్టి ఉంటే నేనూ తిట్టేవాణ్ని, కొంచెం బరువు దిగేది. అన్న జేబులోంచి శానిటైజర్ సీసా తీసి బానెట్ మీద పెట్టాడు, అద్దాలు తుడిచే గుడ్డ మడిచి దాని పక్కన పెట్టాడు. సేటుకు దండం పెట్టి గేటు దాటాడు.

ఆటోలు లేవు, నడిచాం. ఉధనా దగ్గర వంతెన కింద అన్న ఆగి, ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. నా మాస్కు కిందికి లాగమని చేత్తో చూపించాడు.

"నిజం చెప్పు తమ్మీ. మోటర్ సప్పుడు నీకు ఇనవడ్డదా?"

"లేదన్నా."

"సైకిలోని బెల్లు?"

"లేదు."

"మరి మూడొద్దులు బయట నిలవడి ఏం ఇన్నవురా?"

"ఏం ఇనవడకపోతే, సప్పుడే లేదనుకున్న" అన్నాను.

"నాయి పోయినయని నాకెరుకనే. నీ చెవులన్న మంచిగున్నయనుకున్న. నేనే తీస్కచ్చిన గద నిన్ను" అన్నాడు. తర్వాత ఏడ్చాడు. సేటు గేటు దగ్గర ఒక్క చుక్క రాల్చని మనిషి, ఫుట్‌పాత్ మీద మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చాడు. నేను పక్కన కూర్చుని ఆయన వీపు మీద చెయ్యి వేశాను. అంతకన్నా నాకు చేయడం రాలేదు.

మేం కూర్చున్నంతసేపట్లో రెండు అంబులెన్సులు పోయాయి. ఆ రెండేళ్లలో అంబులెన్సుల కూతకు నిద్రపట్టేది కాదని సూరత్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. నాకు వాటి లైట్లు గుర్తున్నాయి. కూత గుర్తు లేదు. అందరూ ఆ కూతకు వణుకుతుంటే నాకేమీ కానందుకు, నాది గట్టి గుండె అనుకునేవాణ్ని.

ఇంటికి వచ్చి వదినకు చెప్పాను, నువ్వన్నదే నిజం, అది మోటర్ చప్పుడేనని. ఆమె చీర మీద రాయి అంటిస్తూ, తల ఎత్తకుండానే ఏదో అంది. నాకు సరిగా తెలియలేదు. మళ్లీ అడగడానికి మొహం చెల్లలేదు.

పది రోజులకు మూతపడ్డ కార్ఖానాలు తెరిచారు. మనుషులు ఊళ్లకు పారిపోయి దొరకడం లేదు, ముసలివాళ్లనైనా రమ్మంటున్నారని మేస్త్రీ గల్లీ గల్లీ తిరిగి చెప్పాడు. అన్న ఆ రోజే పేరు ఇచ్చాడు. మరునాడు పొద్దున వదిన గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆమె మాటలు ఈసారి నేనూ పెదాల మీదే చదివాను.

"మిగిలిన చెవులు సుత పోతయ్. వద్దు" అంది.

"ఆడ ఎవ్వనికి ఇనవడది" అన్నాడు అన్న. "ఆడ నన్ను ఎవ్వడు ఎనక నిలవడి పిలిచి సూడడు."

టిఫిన్ డబ్బా తీసుకుని ఆమె పక్క నుంచి వీధిలోకి దిగాడు. నేను ఆయన వెనకే నడిచాను. నాదీ అదే షిఫ్టు.